ముగ్గుపిండితో గీసిన తెర

ఈ ఉదయం ములకలపల్లి దగ్గర మేం ఇల్లు కట్టుకోబోయే స్థలంలో మేస్త్రి ముగ్గు పోయడం మొదలుపెట్టగానే సున్నపు పొడి గాలికి లేచి ముక్కులోకి పోయింది. తుమ్ము వచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది. ఈ వాసన నాకు నాగరత్నం మేడం ఆఫీసు వాసన. సారపాకలో ఇళ్ల ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు నడిపిన మనిషి ఆవిడ. ఇవాళ నాకు పేరు కూడా తెలియని ఊళ్లలో మనుషులు నేను తయారుచేసిన టాబ్లెట్ తెర మీద ఇళ్లు గీసుకుంటున్నారంటే, అది ఆవిడ దగ్గర నేర్చిన పని. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. చెప్పుకోదగ్గ గొప్ప ఉన్నప్పుడు దాచుకోవడం ఆవిడకూ చేతకాదు, నాకూ చేతకాదు.

మేడం వాళ్లది వేంసూరు వైపు రైతు కుటుంబం. పెళ్లయి సారపాక వచ్చి, అక్కడి కాగితం మిల్లులో పనిచేసేవాళ్ల ఇళ్లకు ప్లాన్లు గీస్తూ స్థిరపడ్డారు. నేను మా తండా నుంచి కంప్యూటర్ డిప్లొమా చేతబట్టుకుని వెళ్లేసరికి ఆవిడ జుట్టు సగం నెరిసింది, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. చేరిన కొత్తలోనే, కట్టబోయే ఒక ఇంటికి వంటగది గీసి చూపించాను. కొలతల్లో వంక పెట్టడానికి లేదు. అయినా ఆవిడ నన్నూ, ఒక సంచి ముగ్గుపిండినీ ఆటో ఎక్కించి ఆ ఇంటి స్థలానికి తీసుకుపోయారు. నా గోడలన్నీ నేల మీద ముగ్గుతో పోయించి, ఆ ఇంటావిడను మధ్యలో నిలబెట్టారు.

"ఇది నీ వంటిల్లమ్మా. బిందె ఎత్తుకొచ్చి పొయ్యి కాడ పెట్టు" అన్నారు.

ఆమె సిగ్గుపడుతూ లేని బిందెను చంకనెత్తుకుంది. నాలుగడుగులు వేసి నేరుగా నా గోడ దాటేసింది. "అక్కా, అక్కడ గోడ ఉంది" అంటూ నేను చెయ్యి చాపాను. మేడం ఆ చేతి మీద ఒక్కటి చరిచారు.

"చేతులు ఎనక్కి పెట్టుకో. మాట్లాడకు. ఆమె కాలు ఎటు పోతుందో అది చూడు. ఆమె తప్పు నడవలేదు, నువ్వు గోడ తప్పు పెట్టినవ్."

మేడం పద్ధతి అదే. ఎవరి ఇల్లయినా ముందు ముగ్గులో ఆ ఇంటివాళ్లను నడిపించాలి, మనం చేతులు వెనక కట్టుకుని చూడాలి. నాకు ఒళ్లు మండేది. ఇంత చదివి వచ్చింది ఎండలో నిలబడి జనం కాళ్లు చూడటానికా అని లోపల సణుక్కునేదాన్ని. సణుక్కుంటూనే నేర్చుకున్నాను.

కొన్నేళ్లకు మేడంకు పక్షవాతం వచ్చింది. దవాఖానా నుంచి ఇంటికి వచ్చాక మాట సర్దుకుంది, కర్ర సాయంతో నడకా సర్దుకుంది. కుడి చెయ్యి మాత్రం లేవలేదు. మేం ప్లాన్లు గీసే ప్రోగ్రాంకు రెండు చేతులు కావాలి. ఒక చేత్తో మౌస్ కదుపుతూ రెండో చేత్తో మీట నొక్కి పట్టుకోవాలి. ఎడమ చేత్తో ఆవిడ ఒక గోడ గీయబోయి, అది వంకరపోయి, మళ్లీ చెరిపి, మళ్లీ గీయడం చూసి నాకు ఏడుపొచ్చింది.

"మీరు చెప్పండి మేడం, నేను గీస్త" అన్నాను.

"చెప్తే ప్లాన్ రాదే పిల్లా. గీస్తుంటే వస్తది. ఇంక ఆఫీసు మూసేద్దాం. గీయలేనిదానికి బోర్డు ఏంది?"

ఆ మాట నాకు మింగుడు పడలేదు. మేం వాడే ప్రోగ్రాం అందరిదీ. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి కోడ్ తెరిచి మార్చుకోవచ్చు. గీతలనూ కొలతలనూ లెక్కగట్టే యంత్రం లోపల ఉంటుంది, మనకు కనిపించే బటన్లు, పెట్టెలు దాని ముఖం. లోపలి యంత్రాన్ని అలాగే ఉంచి, టాబ్లెట్ మీద ఒక్క చేతి వేళ్లతో నడిచే కొత్త ముఖం తొడగాలనుకున్నాను. దాన్నే ప్రోగ్రాంలు రాసేవాళ్లు పోర్ట్ అంటారు. రాయడానికి నెలలు పట్టింది. అయ్యాక ఎగురుకుంటూ తీసుకెళ్లి మేడం ఒళ్లో పెట్టాను.

ఆవిడ ఒక గోడ గీశారు. రెండోదానికి వేలు ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది. చూపిద్దామని వంగాను. ఆవిడ నావైపు చూసిన చూపుకు చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి.

"దీంట్ల నడిచి చూసినవా?"

"ఇది తెర మేడం. దీంట్ల ఎట్ల నడుస్తరు?"

"ముగ్గు తే."

ఆఫీసు ముందు నేల మీద ఆ తెరను మంచమంత పెద్దగా గీశాను. తెర మీది ఒక్కో బటన్‌కు ఒక్కో గడి: గోడకు ఒక గడి, కొలతకు ఒకటి, తలుపుకు, కిటికీకి ఒక్కొక్కటి. మేడం కర్ర పట్టుకుని దిగారు. ఎదురు కొట్టులో టీ కాచే రాములు గరిటె పట్టుకునే బయటికి వచ్చాడు.

"ఏంది మేడం, తొక్కుడుబిళ్ల ఆడుతున్నరా?"

"అవ్. నువ్వొస్తవా?"

గోడ గడిలో అడుగుపెట్టి, కొలత కోసం ఆ చివరికి నడిచి, మళ్లీ గోడకు ఈ చివరికి వచ్చేసరికి ఆవిడకు ఆయాసం వచ్చింది. "ఒక్క గోడకు ఇంత తిప్పుతవా? కిటికీ దాకా పోతే ప్రాణం పోతది" అన్నారు. నా తెలివంతా ఆ ముగ్గులో కలిసిపోయింది. గీతలు కాలితో చెరిపి మళ్లీ పోశాను. ఆవిడ కాలు దానంతటది ఎక్కడ పడితే అక్కడ గడి పెట్టాను. అలా తెర మీది పెట్టెలన్నీ పైనుంచి దిగి, ఆవిడ ఎడమ చేతికి అందేలా కింద ఎడమ మూలకు వచ్చాయి. కుడిచేతివాళ్లు కుడికి తిప్పుకునే వీలూ పెట్టాను.

ఆ ప్రోగ్రాంను చూసుకునే బృందానికి పంపితే, అన్నీ ఒక మూలకు ఎందుకు చేర్చావని అడిగారు. ముగ్గులో మేడం నిలబడిన ఫొటో పంపి జరిగింది రాశాను. తర్వాత ఎన్నో మార్పులు చేయించారు, చివరికి ప్రోగ్రాంలో కలుపుకున్నారు. కొత్తగా విడుదలైన ప్రోగ్రాంలో నా పేరు కనిపించిన రోజు మేడం రాములును పిలిచి చదివించారు. "మా పిల్ల చేసింది. చూడు, గట్టిగ చదువు" అన్నారు. ఆఫీసు బోర్డు దిగలేదు. పోయిన ఏడాది కన్నుమూసేదాకా ఆవిడ ఎడమ చేత్తోనే ఇళ్లు గీశారు.

వాటిలో ఆఖరిది మా ఇల్లు. "నడిచి చూసుకో. మేడం గీసింది గదా అని మొహమాటపడకు" అని చెప్పి మరీ ఇచ్చారు.

మేస్త్రి ముగ్గు పోయడం పూర్తిచేశాడు. అమ్మను పిలిచి, నీళ్లు తెచ్చి పొయ్యి దగ్గర పెట్టమన్నాను. అమ్మ లేని బిందె చంకనెత్తుకుని నడిచి, పెరటి గోడ గీత దాటేసింది. మేస్త్రి ఏదో అనబోయాడు, వద్దని తల ఊపాను. నా రెండు చేతులూ వెనకే ఉన్నాయి.

"మేడం ప్లాన్ గదా అక్కా, ఎట్ల జేద్దాం?" అన్నాడు మేస్త్రి.

"తలుపు అక్కడ పెట్టు" అని, మేడం గీత మీద కాలు పెట్టి చెరిపాను.