గుమ్మడి పిందె ముందు మడిచిన వేలు

పొద్దున సైనిక్‌పురిలో మా డాబా మీద గుమ్మడి తీగకు తొలి పిందె కనబడింది. మా అమ్మాయికి చూపించబోతే నా చూపుడువేలు దానంతటదే మడుచుకుంది. మీలో ఎంతమంది వేళ్లు ఇప్పటికీ ఇలా మడుచుకుంటాయో చెప్పండి!

చిన్నప్పుడు మెట్టుగూడ రైల్వే క్వార్టర్లో, రేకుల మీదికి పాకిన గుమ్మడికి నాయనమ్మ రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోసేది. పిందెకు వేలు చూపిస్తే రాలిపోతుందని పిల్లలందరికీ ఆమె హెచ్చరిక. ఒకరోజు మరిచిపోయి చూపించాను. మూడోనాటికి పిందె పసుపెక్కి రాలిపోయింది. నేనే చంపేశానని అన్నం మానేసి ఏడ్చాను.

మర్నాడు తెల్లవారగానే నాయనమ్మ నన్ను తీగ దగ్గరికి తీసుకుపోయింది. ఒక మగ పువ్వు తెంపి, రేకలు ఒలిచి, అడుగున పిందె ఉన్న ఆడ పువ్వులో మెల్లగా అద్దింది.

"నీ ఏలుతోని రాలలే బిడ్డా. దానికి మగ పువ్వు దుమ్ము అంటలే, గంతే."

పరాగ సంపర్కం అన్న మాట నేను పదో తరగతిలో గానీ వినలేదు. నాయనమ్మ బడి మొహమే చూడలేదు!

వారానికల్లా ఆ పిందె నా పిడికిలంత అయింది. పక్కింటామె వస్తే నాయనమ్మ దాన్ని చూపించింది, వేలు మడిచి.

"ఏలుతోని ఏం గాదంటివి గదా! మళ్ల ఎందుకు మడిచినవ్?" అని అడిగాను.

నాయనమ్మ పిందె మీద ఆకు సర్దింది.

"పెరిగే పాణం బిడ్డా. జెర మర్యాద ఇయ్యాలె."