తనంతట తానే మోగిన గంట

కామేశ్వరి ఆంటీ ఇక లేరని నాకు మొదట చెప్పింది వాళ్లబ్బాయి కిరణ్. కర్మలన్నీ అయ్యాక అతనే కాపెల్ ఊళ్లోని మా ఇంటికి వచ్చి, "అమ్మ నీకిమ్మంది" అంటూ ఆవిడ పూజగంట నా చేతిలో పెట్టాడు. ఈ ఉదయం హారతి ఇస్తూ దాన్ని పట్టుకున్నాను. కర్పూరం పొగ కళ్లకు తగిలింది కానీ గంట మోగలేదు. ఊపాలన్న సంగతే నాకు తోచలేదు. ఆవిడ చేతిలో అది ఊపకుండానే మోగేది మరి.

మా అమ్మ నన్ను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించింది. లెక్కలూ ఇంగ్లీషూ అమ్మ చెబితే, తెలుగూ స్తోత్రాలూ వెనక వీధిలోని ఆంటీ చెప్పారు. పుస్తకం తెరవనిచ్చేవారు కాదు. ఆవిడ ఒకసారి చెప్పాలి, నేను రెండుసార్లు అనాలి. వెయ్యి నామాలూ అలాగే నోటికొచ్చాయి. నేను ఒత్తులు మింగితే, "నోట్లో నీళ్లు పోసుకుని చెబుతున్నావేమే? ఊసి రా, మళ్లీ మొదలెడదాం" అనేవారు. ఆవిడ చేతులు ఒడిలో ఉంటే కదిలేవి కావు, ఏదైనా పట్టుకుంటే చాలు వణుకు మొదలు. గంట తీయగానే గలగలమనేది. "చూశావా, స్వామి నాకు ఆటోమేటిక్ గంట ఇచ్చాడు!"

ఏళ్లు గడిచేకొద్దీ వణుకు ముదిరింది. తీర్థం నా అరచేతిలో కంటే నేలమీదే ఎక్కువ పడేది. అన్నం అంకులే కలిపి పెట్టేవారు. మందులు పనిచేయలేదు. మెదడులోకి సన్నని తీగలు పంపి, ఛాతీ దగ్గర చర్మం కింద బ్యాటరీ అమర్చి, కొద్దికొద్దిగా కరెంటు ఇస్తారని కిరణ్ చెప్పాడు. ఆవిడ భయపడ్డారో లేదో నాకు తెలియదు. ఆపరేషన్ కోసం తీసిన గుండు తడుముకుంటూ, "కొండెక్కకుండానే మొక్కు తీరిపోయిందే" అని మాత్రం అన్నారు. నేను రోజూ దీపం పెట్టి ఒక్కటే అడిగాను, ఆ చేయి నిలబెట్టు తండ్రీ అని.

చేయి నిలబడింది. మెషీన్ ఆన్ చేశాక ఆవిడ పోసిన తీర్థం ఒక్క చుక్క తొణకలేదు. నేను కళ్లకద్దుకుని ఏడ్చాను. అప్పుడే ఆవిడ నామాలు మొదలుపెట్టారు. మాట ముద్దగా వచ్చింది. మూడో నామం దగ్గర ఆగి, నా వైపు చూసి, "నోట్లో నీళ్లు పోసుకున్నదెవరే ఇప్పుడు?" అన్నారు. నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు. చేయి అడిగాను, ఇచ్చాడు. నోటి సంగతి అడగాలని నాకెలా తెలుస్తుంది?

క్లినిక్‌కి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. డాక్టర్ చాలాసేపు రకరకాలుగా మార్చి చూశారు. కరెంటు పెంచితే చేయి కుదురుతోంది, తగ్గిస్తే మాట తేటపడుతోంది, రెండూ ఒకేసారి కుదరడం లేదు. "ఏది ఉంచుకోమంటావే?" అని ఆంటీ నన్నడిగారు. చిన్నప్పటి నుంచి ఆవిడ అడిగిన దేనికైనా జవాబు చెప్పినదాన్ని, దీనికి డాక్టర్ వైపు చూశాను.

చివరికి ఆవిడే తేల్చుకున్నారు. డాక్టర్ అనుమతితో పొద్దున పూజవేళ రిమోట్‌తో ఆపేసేవారు. గంట మళ్లీ తనంతట తానే మోగేది, నామాలు తేటగా వచ్చేవి. పూజవగానే ఆన్ చేసి కాఫీ పోసేవారు.

"ఇంతోటి దానికి ఆపరేషన్ ఎందుకాంటీ?"

"నా వణుకు స్వామికి అలవాటే. మీ అంకుల్ ప్యాంట్లకే అలవాటు కాలేదు."

అంకుల్ పేపరు వెనక నుంచి, "ఇప్పుడు పంచదార మర్చిపోతోంది. దానికీ ఓ తీగ వేయించాల్సింది" అన్నారు.

ఆ వణికే చేయి ఆవిడదా, నిలిచిన చేయి ఆవిడదా? నా మొక్కు ఫలించినట్టా, కానట్టా? ఇప్పటికీ తెలియదు. ఇది కావాలి స్వామీ అని అడగబోతే ఆవిడ ముద్దమాట గుర్తొస్తుంది. అందుకే ఇప్పుడు ఏమీ అడగను. ఆవిడ నేర్పిన నామాలు చెప్పుకుని, ఆవిడను ఇచ్చినందుకు దణ్ణం పెట్టుకుంటాను.

మీ ఇంట్లో గంట తీసినప్పుడు, ఊపేముందు, కామేశ్వరి అనే పేరు ఒక్కసారి తలుచుకోండి.