సోలెడు బియ్యం బండి

ఒక అబద్ధం ఆడాను. రెండే మాటల అబద్ధం. పెళ్ళికాని రోజుల్లో ఆడాను. ఇప్పుడు చేతికర్ర లేకుండా వీధి మలుపు దాకా కూడా పోలేను. మధ్యలో ఎన్నో మరిచిపోయాను, చదివిన పాఠాలు, పనిచేసిన చోట ఎదుటి బల్ల వాళ్ళ పేర్లు, మా నాన్న గొంతు కూడా. ఆ రెండు మాటలు మాత్రం పోలేదు. ఇన్నేళ్ళూ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరిగాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఒక్క పేరు మాత్రం చెప్పక తప్పదు. పైడమ్మ. మేము పైడి అంటాం. మా మేనమామ కూతురు, తర్వాత నా భార్య. ఇది రాస్తుంటే అవతలి గదిలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. బాగానే ఉంది. బాగానే ఉంది కాబట్టే ఆమెకు చెప్పలేక మీకు చెబుతున్నాను.

అరవైల చివరి సంగతి. మావయ్య ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారం చేసేవాడు. ఆయన ఎడ్లబండ్లు పొద్దస్తమానం మిల్లుకూ స్టేషనుకూ మధ్య తిరుగుతుండేవి. నేను విజయనగరం పక్కన గోనెసంచుల మిల్లు ఆఫీసులో చిన్న గుమాస్తాని. ఆదివారం వస్తే పాసింజరెక్కి మావయ్య ఇంటికి పోయేవాణ్ణి. దేనికి పోయేవాణ్ణో ఊరందరికీ తెలుసు. పైడి నాదని ఆమె పుట్టినప్పుడే పెద్దలు అనుకున్నారు. మా వైపు మేనరికం అంటే అడిగేది ఉండదు, ముహూర్తం పెట్టుకోవడమే.

పైడికి వరసకు మేనమామ ఒకాయన విశాఖపట్నం నుంచి పోయే ఓడల్లో పనిచేసేవాడు. ఒకసారి ఏ దేశంలోనో కొని ఒక పెట్టె తెచ్చాడు. ఎర్రవీ తెల్లవీ ప్లాస్టిక్ ఇటికలు. పైన బొడిపెలు, కింద బోలు. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కుమని పట్టుకునేవి. రబ్బరు తొడిగిన చిన్న చక్రాలు, ఇనప ఊచలు కూడా ఉన్నాయి. ఇంట్లో పిల్లలు రెండు రోజులు గోడలు కట్టి మానేశారు. పైడి మానలేదు. అప్పటికి పదకొండో తరగతి పరీక్షకు చదువుతోంది.

బొమ్మ కారు ఎవరైనా కడతారు. ఆమెకు నడిచే కారు కావాలి. సైకిల్ ట్యూబును సన్నగా కోసి వెనక ఇరుసుకు చుట్టింది. ఆ రబ్బరు మెలి విప్పుకుంటూ ఇరుసును తిప్పుతుంది, బండి కదులుతుంది. అంతవరకు నాకూ అర్థమైంది. తర్వాత ఒక దారాన్ని వదులుగా ముందు ఇరుసుకు కట్టి, రెండో కొస వెనక ఇరుసుకు చుట్టింది. బండి పోయేకొద్దీ దారం చుట్టుకుంటుంది. వదులు అయిపోయిన చోట ముందు చక్రాలను ఒక పక్కకు లాగుతుంది. అంటే ఎవరూ ముట్టుకోకుండా బండి తనంతట తను మలుపు తిరుగుతుంది. మొదటిసారి తిరిగినప్పుడు నేను వసారాలో చాప మీద కూర్చుని ఉన్నాను. నవ్వాను. సంతోషంతో కాదు. నాకు భయమేసింది.

ఎందుకు భయమంటే, ఆమె అప్పటికే నాతో ఒక మాట అంది. "డిగ్రీ అయ్యేదాకా ఆగు బావా. ఆ తర్వాత నువ్వెప్పుడంటే అప్పుడే." వద్దనలేదు. ఆగమంది. అంతే. పదకొండో తరగతి తప్పినవాణ్ణి నేను. డిగ్రీ చదివిన పిల్ల నా మొహం చూస్తుందా? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని నెలలపాటు నాలో నేనే ఉడికాను. ఆమెను అడిగితే జవాబు చెప్పేది. అడగలేదు.

మావయ్య చదువుకు విరోధి కాదు, అలాగని సిద్ధంగానూ లేడు. స్కూల్లో సైన్సు ప్రదర్శన పెడుతున్నారనీ, పైడి బండిని హెడ్మాస్టరు అడిగారనీ తెలిశాక భోజనాల దగ్గర నవ్వుతూ తేల్చేశాడు. "ఉత్త బండి నడిస్తే అది బొమ్మే అమ్మా. సోలెడు బియ్యం మోసుకుని ఆ స్కూలు వసారా ఈ సివర్నించి ఆ సివరికెల్లి తిరిగొచ్చీనాదనుకో, అప్పుడది బండి. అప్పుడు నిన్ను విజయనగరం కాలేజీలో నేనే దిగబెడతాను. నేదంటే వైశాఖంలో పెల్లి." నలుగురి ముందూ అన్న మాట. మావయ్య మాట తప్పే మనిషి కాదు.

సోలెడు బియ్యం ఆ ఇటికలకు చిన్న బరువు కాదు. మొదట్లో మధ్యలో కుంగి విడిపోయేది. పైడి బండ్ల దగ్గరికి పోయి బస్తాలు ఎలా వేస్తారో నిలబడి చూసింది. బరువు ముందుకు పడితే ఎద్దు మెడ మీదికి వస్తుంది, వెనక్కి పడితే కాడి లేస్తుంది, ఇరుసు మీదే పడాలి. తాపీవాళ్ళు గోడ కట్టేటప్పుడు అతుకు మీద అతుకు రానివ్వరు కదా, అలాగే అడుగు వరసలు మార్చి మార్చి పేర్చింది. చివరికి ఇరుసులకు మా బండివాళ్ళ పద్ధతే పెట్టింది. ఆముదంలో దీపం మసి కలిపిన కందెన. బియ్యంతో సహా నడిచింది. నేను చూస్తుండగా నడిచింది.

ఇప్పుడు నాకొక్కడికే తెలిసిన సంగతి చెప్పాలి. అంతకుముందు ఒక ఆదివారం వేడి కాఫీ గ్లాసు ఒక ఇటిక మీద పెట్టాను. తీసి చూస్తే అది పిసరంత వంగింది. చూడ్డానికి బాగానే ఉంది. నొక్కితే మాత్రం పట్టుకోవడం లేదు. పైడి తిడుతుందని మెల్లగా కాలవలో పారేశాను. అప్పుడు అది చిన్న భయం. తర్వాత అదే నాకు ఆయుధమైంది.

ప్రదర్శనకు ముందు మావయ్య పెదనాన్న పోయాడు. ఇంటికి మైల వచ్చింది. మైల తీరే రోజు సరిగ్గా ప్రదర్శనకు ముందురోజు పడింది. ఆ రోజు ఇల్లంతా పేడతో అలికారు, బట్టలు చాకలికి వేశారు, గిన్నెలన్నీ తోమారు. మైలలో ముట్టిన వస్తువేదీ కడక్కుండా వాడకూడదని అమ్మమ్మ పట్టు. నాది వేరే ఇంటిపేరు, నాకు మైల లేదు. అందుకని పనులన్నీ నాకే చెప్పింది. "ఒరే, ఆ పిల్ల బండి కూడా కడిగీరా. మైల్లోనే కూకుని కట్టినాది." పైడి తలస్నానానికి పోతూ, "జాగర్త బావా" అని బండి నా చేతిలో పెట్టింది.

పెరట్లో పొయ్యి మీద స్నానాలకు డేగిసాలో నీళ్ళు మరుగుతున్నాయి. నుయ్యి పక్కనే ఉంది.

ఆ కాసేపట్లో నేనేం ఆలోచించానా అని ఎన్నోసార్లు వెతుక్కున్నాను. కోపమా, ప్రేమా, ఏదో పూనిందా? ఏదీ కాదు. చాలా నెమ్మదిగా ఉన్నాను. అదే నన్ను ఇప్పటికీ దిమ్మెరపోయేలా చేస్తుంది. చేతులు వణకలేదు. అడుగు వరసలు విప్పాను, వాటిని చెంబులో వేసి పైనుంచి మరిగే నీళ్ళు పోశాను, కొంచెంసేపు ఆగి తీశాను, తుడిచాను, మళ్ళీ ఎలా ఉన్నవి అలా పేర్చాను. కందెన కూడా కొత్తగా పూశాను. ఇంతా చేస్తూ నాలో నేను ఏమనుకున్నానో తెలుసా? అమ్మమ్మ కడగమంది కదా, కడుగుతున్నాను అనుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం అంటే అదే.

ఆగిపోతుందని అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను. వసారా మధ్యలో ఆగుతుంది, అందరూ అయ్యో అంటారు, వైశాఖంలో పెళ్ళవుతుంది.

మర్నాడు స్కూలు వసారా నిండా జనం. హెడ్మాస్టరు, మేస్టర్లు, మావయ్య, బండివాళ్ళు కూడా పని వదిలి వచ్చారు. పైడి సోలతో కొలిచి బియ్యం పోసింది. వదిలింది. బండి కదిలింది. ఇటికలకు ఏమీ కాలేదేమో అనుకున్నాను. ఆ చివరికంటా పోయింది. మలుపు తిరిగింది. జనం హోరుమన్నారు. మావయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడు దాని పొట్ట కుంగింది. తర్వాత ఒక్కసారిగా విచ్చుకుపోయింది. ఇటికలు తలోవైపు దొర్లాయి, బియ్యం గచ్చంతా పరుచుకుంది.

బండివాడొకడు, "సరుకు ఇక్కడే దింపీసినాదిరోయ్" అన్నాడు. అంతే, వసారా అంతా నవ్వు. హెడ్మాస్టరు నవ్వారు, మావయ్యా నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, మామూలు నవ్వే.

పైడి మాత్రం వంగి ముందు బియ్యం ఎత్తడం మొదలుపెట్టింది. ధాన్యం ఇంటి పిల్ల, కాలికింద గింజ పడితే సహించదు. ఆమె మొహం చూశాను. ఏడుపు లేదు. ఏం జరిగిందో అర్థంకానివాళ్ళ మొహం. నాకు నవ్వు రాలేదు. మోకాళ్ళ మీద కూలబడి ఇటికలు ఏరసాగాను. ఏరుతున్నది ఆమె కోసం కాదు. వంగిన ముక్కలు ఇంకెవరి కంటా పడకుండా జేబులో వేసుకోవడానికి. ఆ మాట కూడా ఇక్కడ చెప్పేస్తున్నాను.

ఆమె ఒక ఇటిక తీసి వేలితో రుద్ది వాసన చూసింది. ఆముదం వాసన. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"నిన్న ఏ నీల్లతో కడిగినావు బావా?"

అనుమానంతో అడగలేదు. లెక్క తప్పిన చోటు వెతుక్కుంటోంది. నేను నిజం చెబితే అక్కడికక్కడే పట్టేసేది. హెడ్మాస్టరుకు చెప్పి కొత్త ఇటికలతో సాయంత్రానికి మళ్ళీ కట్టి నడిపించేది. పెట్టెలో ఇంకా ఉన్నాయి.

"నూతి నీల్లే" అన్నాను.

"అయితే కందెనే" అంది. "కందెన లోపలికి దిగిపోయి పట్టు వదిలీసినాది. ఎడ్లబండికి పూసినట్టు పూసీసినాను. నాకు బుద్ది నేదు బావా. తప్పు నాదే."

కాదు అనలేదు నేను. అవును అని కూడా అనలేదు. ఊరుకున్నాను.

వైశాఖంలో పెళ్ళయింది. మంచి కాపురమే. ఆమె నన్ను ఏనాడూ తక్కువగా చూడలేదు. డిగ్రీ చదివినా చూసి ఉండేది కాదని ఇప్పుడు తెలుసు. తెలిసి ఏం లాభం.

రెండు సంగతులు చెప్పి ఆపేస్తాను.

ఒకటి. ఆ రోజు తర్వాత పైడి ఏ మరా విప్పలేదు. కుట్టుమిషను దారం చిక్కుకుంటే సూది దించి, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా అలాగే ఉంచేది. నాకు చేతకాదని ఆమెకు తెలుసు. అయినా ముట్టుకునేది కాదు. "నా సెయ్యి మంచిది కాదు" అనేది. ఎవరికీ మొర పెట్టినట్టు కాదు, వంటలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు అనేది. వసారా గచ్చు మీద తనంతట తను మలుపు తిరిగే బండిని కట్టిన చెయ్యి అది.

రెండోది చెప్పడానికే ఇంతసేపు తటపటాయించాను. పెళ్ళయిన కొత్తలో అడిగాను, చదువు పోయిందని బాధ లేదా అని. ఏమందో తెలుసా? "ఆ రోజు మా నాన్న కూడా నవ్వీసినాడు బావా. నువ్వొక్కడివే నవ్వనేదు. మోకాల్ల మీద కూకుని ముక్కలు ఏరినావు. అప్పుడే అనుకున్నాను, ఈ మనిషైతే సాలు అని." తర్వాత పిల్లలకు చెప్పింది, కోడలికి చెప్పింది, మా పెళ్ళిరోజున వచ్చిన చుట్టాలకు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ నేను తల దించుకుంటాను. సిగ్గుపడుతున్నానని అందరూ నవ్వుతారు.

నేను దొంగిలించింది చదువు ఒక్కటే అనుకున్నాను. ఆమె ప్రేమ కూడా ఆ దొంగతనంలోంచే వచ్చిందని ఆ మాట విన్న రోజు తెలిసింది. ఇప్పటికీ ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. చెబితే ఆమెకు బండి తిరిగి వస్తుంది, తప్పు తనది కాదని తెలుస్తుంది. కానీ నవ్వని మనిషి పోతాడు. ఏది ఆమెకు ఎక్కువ? ఆమెను అడక్కుండా నేనే తేల్చేశాను, అప్పుడూ ఇప్పుడూ. ఆమె మేలు కోసమే ఊరుకున్నానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. అది కూడా అబద్ధమే. నా భయం కోసం ఊరుకున్నాను.

మొన్న మా అమ్మాయి సామాన్లు సర్దుతూ అలాంటి ఇటికల పెట్టె ఒకటి బల్ల మీద పెట్టి వెళ్ళింది. పైడి వచ్చి నిలబడింది. రెండు తీసి ఒకదానిలో ఒకటి నొక్కింది. "పట్టు బాగున్నాది" అంది. విడదీసి పెట్టెలో వేసేసింది. తర్వాత పైట చెంగుతో వేళ్ళు తుడుచుకుంది, ఒక్కొక్క వేలూ. ఆ ఇటికలకు నూనె లేదు. కొత్తవి.

నేను గుమ్మంలో నిలబడి చూశాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. "నీల్లు కాగినాయి, తానానికెల్లు బావా" అని తను వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీ క్షమ నాకు వద్దు, ఇవ్వాల్సింది మీరు కాదు. ఒక్కసారైనా ఆ జవాబు సరిగా చెప్పి చూడాలని ఉంది, అంతే. చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. ఆ రోజు వణకాల్సినవి.

కందెన తప్పు కాదు పైడీ. నూతి నీళ్ళు కావు. మరిగే నీళ్ళు.