కూనవరం దాటాక మౌనం

ఈ పొద్దున భద్రాచలం రేవులో పొగమంచు, డీజిల్ పొగ కలిసిపోయి ఉన్నాయి. ఆ వాసన తగలగానే తెల్ల యూనిఫాం వేసుకున్న ఒక ఇంగ్లీషు దొర గోదావరి మీద నడిచొస్తున్నట్టు అనిపించింది. ఆయన్ను నేనెన్నడూ చూడలేదు. తన కథల్లో నాకు చూపించింది ఖాదర్ చాచా.

చాచా మా లాంచీకి సరంగు, చుక్కాని ఆయనది. ఆయన కింద నేను రెండో సరంగును. ఏడో తరగతిలో బడికీ నాకూ పడక విడిపోయాం, తర్వాత చదివిందంతా చాచా దగ్గరే. యుద్ధకాలంలో ఆయన ఆ దొర నౌకలో చుక్కాని తిప్పాడట. దొరగారి ఉద్యోగాన్ని మా దారి పొడవునా పరిచి చెప్పేవాడు. రేవు వదిలేటప్పుడు దొర మీసం రాని క్యాడెట్టు. శబరి కలిసే కూనవరం దగ్గర కెప్టెన్. పాపికొండలు మంచులోంచి తేలేసరికి కోటు చేతుల నిండా బంగారు పట్టీలతో అడ్మిరల్.

"చాచా, నీళ్లు తక్కువున్నయ్. ఇయ్యాల దొరకు ప్రమోషన్ అనుమానమే!" అని ఏడిపించేవాణ్ని.

"నవ్వు బేటా. నీకు సెల్యూట్ కొట్టుడన్న వస్తదా?"

కూనవరం దాటాక ఒక మలుపు పొడవునా మాత్రం ఆయన నోరు విప్పేవాడు కాదు. కెప్టెన్‌కూ అడ్మిరల్‌కూ మధ్య అంతా ఖాళీ.

ఒక వేసవిలో ఆ మలుపులోనే చుక్కాని నా చేతిలో ఉంది. ముందు నిలబడి వెదురుగడతో లోతు చూసే జోగయ్య "మోకాటి లోతే!" అని రెండుసార్లు అరిచాడు. నేనేమో ఒక చెయ్యి చుక్కాని మీదే ఉంచి, ప్రయాణికులకు దొర నడక నడిచి చూపిస్తున్నాను. లాంచీ ఇసుకలోకి ఎక్కి, మధ్యాహ్నం దాకా కదల్లేదు.

"గడ పట్టినోడు నిద్రపోయిండా? రేపటి సంది జోగయ్య రావద్దు," అన్నాడు లాంచీ యజమాని సేటు, రేవు చేరగానే. జోగయ్య నావైపు చూశాడు. నేను తల తిప్పుకుని లంగరు తాడు చుట్టసాగాను.

పొద్దు గూకే వేళ చాచా నన్ను లాంచీ కప్పు మీదికి పిలిచాడు.

"ఆ మలుపుల నేనెందుకు మాట్లాడనో ఎరికేనా? దొర కెప్టెన్‌గ ఉన్నప్పుడు, సముద్రం ఒడ్డున, ఆయన కుడికి అన్నడు, నేను ఎడమకు తిప్పిన. ఓడ ఇసుకల దిగబడ్డది. ఎంక్వైరీల ఆయన 'ఓడ నాది, తప్పు నాది' అన్నడు. ఓడ గుంజుకొని మూడేండ్లు ఆఫీసుల కూసోబెట్టిన్రు. నేను ఆడనే నిలబడ్డ, నోరిప్పలే."

"అయినా అడ్మిరల్ అయిండు గద చాచా?"

"ఆయన అయిండు బేటా. నేనింకా ఆ ఇసుక మీదనే ఉన్న."

తెల్లారి సేటు దగ్గరికి పోయాను. "జోగయ్య అరిచిండు సేటూ. నేనే వినలే," అన్నాను. జోగయ్య పని పోకుండా నిలిచింది. నా చుక్కాని పోయింది. ఆ ఏడాదంతా జోగయ్య పక్కనే గడ పట్టాను.

"దొరకన్న జల్దీ ర్యాంకు దిగినవ్ పో!" అన్నాడు చాచా, నేను గడ పట్టిన మొదటి రోజు. నవ్వుతూనే నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఆ రోజు మలుపు వచ్చినప్పుడు, అందరూ వినేలా, ఇన్నాళ్లూ ఖాళీగా వదిలిన ఆ కథ తనే చెప్పాడు.

చాచా పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు సరంగును నేనే, వేళాకోళం ఇంకా తగ్గలేదు. కానీ గడ పట్టినవాడు లోతు అరిస్తే, పక్కన ఎంతమంది నవ్వుతున్నా, "విన్న!" అని తిరిగి అరుస్తాను. ఆ మంచులో చాచాకూ, ఆయన దొరకూ కూడా వినపడుతుంది.