బొందలగడ్డ నకలు

ఆ రిజిస్టరు దొరకలేదని నేను రాసి ఇచ్చాను. నిజానికి దొరికింది. మూట విప్పి, దుమ్ము దులిపి, కావలసిన వరుస మీద వేలు పెట్టి చూశాను. అక్కడ రాసి ఉన్నది చదవలేకపోయాను. చదవలేనన్న మాట ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లు నేను దాచిపెట్టింది ఇంతే. దీనివల్ల ఒక ఊరికి చనిపోయినవాళ్లను పూడ్చుకునే బొందలగడ్డ పోయింది. ఒక ఆడమనిషి తాను చెయ్యని తప్పును మోసింది.

మెదక్‌లో ఒక సర్కారు ఆఫీసులో రికార్డు గది నా చేతి కింద ఉండేది. ఒకే కిటికీ. అందులోంచి చూస్తే చర్చి గోపురం పైభాగం కనిపించేది. మిగతా మూడు గోడలకూ ఇనుప ర్యాకులు, వాటి నిండా ఎర్రగుడ్డలో కట్టిన బస్తాలు. పాత పహాణీలు, అంటే ఏ నంబరు భూమి ఎవరిదో, ఎలాంటిదో ఏటేటా రాసిన రిజిస్టర్లు, వాటిలోనే ఉండేవి. నిజాం కాలానివీ, ఆ తర్వాత కొన్నేళ్లవీ ఉర్దూలో ఉండేవి.

ఆ సీటు నాకు ఊరికే రాలేదు. బదిలీల సమయంలో, ఉర్దూ వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే రికార్డు గదికి వేస్తామన్నారు. లేకపోతే నేను జిల్లాకు ఆ చివర పడేవాణ్ని. ఇక్కడ పిల్లల బడి, ఇల్లాలి ఉద్యోగం. ఫారం మీద 'ఉర్దూ చదవడం, రాయడం వచ్చు' అని రాశాను. మా నాయన ఉర్దూ మీడియంలో చదివిన మనిషి కాబట్టి అందరూ నమ్మారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది అంకెలు మాత్రమే. మొదటి ఐదారేళ్లు ఒక ముసలి అటెండరు పేజీలు చదివి చెప్పేవాడు, నేను తెలుగులో రాసి సంతకం పెట్టేవాణ్ని. ఆయన రిటైరయ్యాక, ఎవరైనా ఉర్దూ కాగితం అడిగితే ఏదో ఒక సాకు చెప్పి తిప్పి పంపడం అలవాటు చేసుకున్నాను.

అప్పుడు సమాచార హక్కు చట్టం వచ్చింది. గోడకు అధికారి పేరుతో బోర్డు పెట్టారు. దరఖాస్తులు చూసే పని నా మీద పడింది. ఏ తెల్లకాగితం మీద రాసినా చాలు. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి, తెల్ల రేషన్ కార్డున్నవాళ్లకు అదీ వద్దు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఇంత తేలికైన పనే. కానీ వచ్చే దరఖాస్తుల్లో ఎక్కువ భాగం ఏడుపులు. మా రోడ్డు ఎందుకు వెయ్యలేదు, మా పింఛన్ ఎందుకు ఆపారు, న్యాయం చెయ్యండి. ఈ చట్టం కింద ఆఫీసులో ఉన్న కాగితమే దొరుకుతుంది, 'ఎందుకు' అన్నదానికి జవాబు దొరకదు. ఆ ముక్క ముందే చెప్పి మళ్లీ రాయించవచ్చు. నేను చెప్పేవాణ్ని కాను. నెల గడిచాక 'మీరు కోరినది సమాచారం కిందికి రాదు' అని పంపేవాణ్ని.

ఆమె దరఖాస్తు అలాంటిది కాదు. నోటుబుక్కు నుంచి చింపిన కాగితం, మూడే వాక్యాలు. ఫలానా ఊరు, ఫలానా సర్వే నంబరు, దానికి మీ దగ్గరున్న అన్నిటికన్నా పాత పహాణీ పేజీ నకలు ఇవ్వగలరు. అంతకు మించి ఒక్క అక్షరం లేదు. చేగుంట దిక్కు ఊరామె, బీడీలు చేసేది. ముప్పై అయిదేళ్లుంటాయేమో.

"స్టాంపు ఏదమ్మా?" అన్నాను.

"తెల్లకార్డు సారూ. జిరాక్స్ ఎనుక పిన్ను కొట్టిన, చూడుండ్రి. మాకు పది రూపాయలు లేదని సంఘం మీటింగుల చెప్పిండ్రు."

"ఎందుకు నీకు ఇదంతా?"

"ఎందుకని మీరు అడగొద్దని గూడ చెప్పిండ్రు."

పక్క టేబులాయన పకపకా నవ్వాడు. "నీకు తగ్గది దొరికింది తియ్యి అన్నా!" అన్నాడు. ఆమె కూడా కొంచెం నవ్వింది. తర్వాత తనంతట తానే చెప్పింది.

"మా బొందలగడ్డ సారూ. రోడ్డు పొంటి ఉన్నదని ప్లాట్లు చేస్తున్నరు. గది మా పట్టా జాగ అంటుండ్రు వెంచరోళ్లు. మా మామను ఆడనే పెట్టినం. నా బిడ్డను ఆడనే పెట్టినం, నాలుగేండ్లది, జరమొచ్చి పోయింది. పాత కాగితంల బొందలగడ్డ అనే ఉంటదని ముసలోళ్లు చెప్తుండ్రు. గా కాగితం ఒక్కటి ఉంటే పెద్దసారు కాడికి పోతం, పని ఆపుతరు."

రసీదు రాసి ఇచ్చాను. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి, బీడీ కార్డున్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది.

వారంలోపే వెతికాను. ఈ మాట ఒప్పుకోవాలి, బద్ధకించలేదు. స్టూలెక్కి ఆ ఊరి బస్తా దింపాను. అంకెలు వచ్చు కాబట్టి సర్వే నంబరు వరుస పట్టుకున్నాను. పట్టాదారు పేరు ఉండవలసిన చోట ఏదో పొట్టిగా ఉంది. పక్కన కైఫియత్ గడిలో, అంటే ఆ భూమి వివరం రాసే చోట, ఒకే ఒక్క మాట. ఆ మాటను చాలాసేపు చూశాను. కొన్ని చుక్కలు, ఒక కొక్కెం, పొడుగ్గా సాగిన గీత.

ఉర్దూ పేజీ నకలు ఇస్తే పక్కన తెలుగు అనువాదం పెట్టి నేను సంతకం చెయ్యడం మా ఆఫీసు పద్ధతి. తప్పు రాస్తే వెంచరువాళ్లు ఊరుకోరు. చదవలేనని చెబితే ఫారం మీద నేను రాసిన అబద్ధం బయటపడుతుంది. ఎవరినైనా అడుగుదామా అనుకున్నాను. ఎవరిని అడిగినా, ఇన్నేళ్లుగా సంతకాలు పెట్టినవాడివి నువ్వే కదా అంటారు. బస్తా మళ్లీ కట్టి పైన పెట్టేశాను.

చాలా ఏళ్ల తర్వాత గానీ నాకు తట్టలేదు. ఆమె నన్ను చదవమని అడగలేదు. నకలు ఇమ్మంది. జిరాక్స్ తీసి ముద్ర వేసి ఇచ్చి ఉంటే, బజార్లో ఏ పెద్దమనిషినో పట్టుకుని ఆమే చదివించుకునేది.

ఇరవై తొమ్మిదో రోజున జవాబు తయారు చేశాను: 'మీరు కోరిన రికార్డు వెతికినను లభ్యం కాలేదు.' బోర్డు మీద పేరున్న మా సారు చూడకుండానే సంతకం పెట్టాడు. అలాంటి జవాబు కింద, ఫలానా అధికారికి ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చునని రాయాలి. కావాలనే రాయలేదు. అప్పీలు వెళ్తే పై అధికారి బస్తా దింపిస్తాడు.

పోస్టులో పంపకముందే ఆమె వచ్చింది. నిలబడే చదువుకుంది.

"దొరకలేదా సారూ, లేనే లేదా?"

"రెండూ ఒకటేనమ్మా."

"ఒకటెట్లయితది? మా ఇంట్ల కత్తెర దొరకకపోతే లేదంటమా? ఎతుకుతం."

"ఎతికినం. పాతయి చెదలు పట్టినయి."

"నేను జూడొచ్చా? నాకు సదువొస్తది, ఏడు దాక."

రికార్డులను కళ్లతో చూసే హక్కు కూడా ఆ చట్టంలో ఉంది. "ఆడోళ్లు ఆ దుమ్ముల ఎక్కడెక్కుతరమ్మా, రూల్స్ ఒప్పుకోవు" అన్నాను.

"మరి ఇంగెవల్ల కాడికి పోవాలె?"

ఆ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు నా నాలుక చివర ఉంది. "ఎవల్ల దగ్గరికి పోయినా ఇదే చెప్తరు" అన్నాను.

కొన్నాళ్లకు సమ్మె మొదలైంది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఆఫీసులన్నిటికీ తాళాలు పడ్డాయి. రోడ్డు పక్కన టెంటు వేసి రోజూ కూర్చునేవాళ్లం. పాటలు, డప్పులు, నడిరోడ్డు మీద వంటలు. నేను మంచి ఉపన్యాసకుణ్నని అప్పుడే తెలిసింది. మన భూములను కాగితాల మాయతో కొల్లగొట్టారని మైకు పట్టుకుని అరిచేవాణ్ని. ఆ ఆవేశం నిజమైనదే, ఇప్పటికీ దాన్ని తప్పనను. అలా ఒకరోజు మాట్లాడి దిగేసరికి ఆమె టెంటు పక్కన నిలబడి ఉంది.

"డోజరు తెచ్చిండ్రు సారూ. ముండ్లకంప తీసేస్తుండ్రు. తాళంచెవి మీ కాడనే ఉంటదంట గద. జర తెరువుండ్రి, ఇంకోపాలి చూద్దం. నేను బస్తాలు దింపుత."

తాళంచెవి నిజంగానే నా జేబులో ఉంది. "సమ్మెల తెరిస్తే మా వాళ్లే నన్ను తంతరు" అన్నాను.

పక్కనున్న కుర్రాడొకడు, "జర ఓపిక పట్టక్కా, తెలంగాణ రానియ్యి, అన్నీ మనయే అయితయి" అన్నాడు.

"అచ్చేదాక డోజరు ఆగుతదా తమ్మీ?" అంది ఆమె. వాడికి కోపం వచ్చినట్టు లేదు, నవ్వేశాడు. ఆమె వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం కూడా నేను మైకు పట్టుకున్నాను.

సమ్మె ముగిసేలోగా ఆ జాగా చదునైపోయింది. నంబర్లు వేసిన తెల్లరాళ్లు పాతారని విన్నాను. వెళ్లి చూడలేదు.

రాష్ట్రం వచ్చింది. పాత రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించడానికి, ఉర్దూ పేజీలు చదివేందుకు ఒక రిటైర్డ్ ఉర్దూ టీచరును పెట్టారు. దళసరి కళ్లద్దాలు, ఎప్పుడూ నోట్లో సోంపు. ఒకరోజు ఆయన ముందుకు ఆ ఊరి బస్తా నేనే జరిపాను, ఏమీ ఎరగనట్టు ఆ వరుస చూపించాను.

"ఖబ్రస్తాన్" అన్నాడు ఆయన, తల కూడా ఎత్తకుండా. "సర్కారీ జమీన్. బొందలగడ్డ. గింత సాఫ్‌గ రాసిండు గద సాబ్, మా గల్లీ పోరలు గూడ చదువుతరు. ఇన్నేండ్ల సంది మీరు గిదేం జూసిండ్రు?"

హాస్యానికే అన్నాడు. నేనూ నవ్వాను. బయటకు వెళ్లి కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాను.

అప్పటికైనా వెళ్లవలసింది. వెళ్లలేదు. జరిగిందేదో జరిగింది, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకుంటూ ఇంకో రెండేళ్లు గడిపాను. ఒకరోజు ఆ ఊరి నుంచే ఒకాయన ఏదో సర్టిఫికెట్ కోసం వచ్చాడు. బీడీలు చేసే ఆమె, దరఖాస్తు పెట్టిన ఆమె బాగుందా అని అడిగాను.

"ఎవలు, నంబరు తప్పు రాసినామెనా? గామెనే ముంచింది సారూ ఊరును. పెద్దోళ్లతోని రాయించకుంట, నాకు సదువొస్తదని మిడిసిపడి తానే రాసింది. తప్పు నంబరు రాస్తె కాగితమెట్ల దొరుకుతది? వాళ్లత్త ఇప్పటిగ్గూడ ఆమె చేతి నీళ్లు తాగది."

కాగితం ఇవ్వకపోవడం ఒక్కటే నా తప్పని అప్పటిదాకా అనుకున్నాను. ఇవ్వని కాగితం ఆ ఊళ్లో ఇన్నేళ్లుగా ఏం చేస్తోందో ఆలోచించలేదు.

మర్నాడు ఆ పేజీ నకలు తీసి, టీచరు అనువాదం జతచేసి, సారుతో ముద్ర వేయించాను. విడిగా ఒక కాగితం రాశాను: ఆ రోజు రికార్డు దొరికింది, దొరకలేదని రాసింది నేను, కారణం ఇది. సారు చదివి, "పిచ్చా నీకు? మెమో ఇయ్యాల్సొస్తది" అన్నాడు. "ఇయ్యుండ్రి" అన్నాను. ఇంక్రిమెంటు పోయింది, సీటూ పోయింది. ఆ సంగతి అంతటితో చాలు.

ఆదివారం బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. వాకిట్లో ఎనిమిది మంది ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వాళ్లలో ఆమె ఉంది. గోడవారగా ముసలామె, ఆమె అత్త. నన్ను చూసి కోడలి చెయ్యి ఆగింది. నిలబడకుండానే, "ఏంది సారూ, తొవ్వ తప్పిండ్రా?" అంది.

నకలూ, నేను రాసిన కాగితమూ ఆమె చేతికి ఇచ్చాను. నకలు పక్కన పెట్టి నా కాగితం చదివింది. నెమ్మదిగా, చివరిదాకా. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నాకెందుకు చెప్తుండ్రు? నేను సదువుకున్న. నంబరు సరిగ్గ రాసిన్నని నాకు అప్పుడే ఎరుక. ఈళ్లకు చెప్పుండ్రి. మా అత్తకు జర గట్టిగ చెప్పుండ్రి, ఆమెకు చెవులు సరిగ్గ ఇనబడయి."

చాటల్లో కత్తెరల చప్పుడు ఆగిపోయింది. సమ్మెలో వందల మంది ముందు మైకు పట్టుకున్నవాణ్ని, ఇక్కడ చెప్పులు విప్పాను. ముసలామె దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చున్నాను.

"అవ్వా, నీ కోడలు నంబరు తప్పు రాయలేదు. కాగితం దొరికింది. బొందలగడ్డ అనే ఉన్నది. నాకు ఆ రాత చదువరాదు, రాదని చెప్పనీకి సిగ్గయి దొరకలేదని రాసిన. ఎవల్లకు అప్పీలు చేసుకోవాలెనో గూడ ఆమెకు చెప్పలే. ఊరును ముంచింది నేను, ఆమె గాదు. తప్పయింది అవ్వా. తప్పయింది అమ్మా, నన్ను మాఫ్ చెయ్యుండ్రి."