లాంచీలో దిబ్బరొట్టె

మాది అనంతపురం. బస్సెక్కినా వాంతి చేసుకునే మనిషిని, తొంభైల చివర్లో పోలవరం దగ్గర పాపికొండల లాంచీ ఎక్కాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. జేబులో మాత్రం వాంతి కోసమని మడిచిపెట్టుకున్న ప్లాస్టిక్ కవరు ఉంది.

లాంచీ ఊగడం మొదలవగానే తల దించేశాను. పక్కన కూర్చున్న కొవ్వూరు పెద్దావిడ నా అవస్థ గమనించింది.

"ఏమీ తినలేదాండీ?"

"తింటే కక్కుకుంటానని భయమమ్మా."

"ఖాళీ కడుపుతో ఎక్కితే తిప్పక ఏమవుద్దండి? ముందు ఇది తినండి." కారియరు తెరిచి, అల్లప్పచ్చడి రాసిన దిబ్బరొట్టె ముక్క నా చేతిలో పెట్టింది. "నీళ్లకేసి చూడకండి. ఎదర ఆ కొండకేసి చూస్తూ నెమ్మదిగా నమలండి."

ముక్కూ మొహం తెలియని మనిషిని ఇంత మర్యాదగా కోప్పడటం మా వైపు ఎరగను. భయపడుతూనే నమిలాను. రెండో ముక్క అయ్యేసరికి కడుపు కుదుటపడింది. పాపికొండల మధ్యకు వచ్చేసరికి లేచి నిలబడి, నేనే అడిగాను.

"ఇంకో ముక్క ఉందాండీ?"

సాయంత్రం దిగేటప్పుడు మిగిలిన రొట్టె నాకే ఇస్తూ, పెట్టుకోవడానికి ఏమైనా ఉందా అని అడిగింది. జేబులోని కవరు తీసి ఇచ్చాను. పొద్దున పెట్టిన మడత అలాగే ఉంది.