నాలుగొందల సూదులు

మా విశ్వతేజ దేన్నైనా పోల్చి చూడందే నమ్మడు. ఎండగా ఉందంటే "ఎక్కడితో పోలిస్తే?" అంటాడు. నిద్ర బాగా పట్టిందిరా అంటే "ఆ దిండు లేకపోయినా పట్టేదేమో, ఎలా తెలుస్తుంది?" అంటాడు. పద్మారావు నగర్‌లో ఒకే గదిలో వాడితో మూడేళ్లు నెట్టుకొచ్చాను. డాక్టరేట్ ఇస్తే ముందు నాకివ్వాలి, తరవాతే వాడికి.

వాడి పీహెచ్‌డీ ఆర్థికశాస్త్రంలో. ఏదైనా పథకం పెడితే దానివల్ల జనానికి నిజంగా మేలు జరిగిందా, లేక అది లేకపోయినా అంతేనా అని తేల్చడం వాడి పని. ఆ పనేదో యూనివర్సిటీలో వదిలేసి రావచ్చుగా? రాడు. ఇంటికి మోసుకొస్తాడు.

నేను మందుల కంపెనీలో సేల్స్ చేస్తాను. ఓ సాయంత్రం తల పగిలిపోతోందని మాత్ర వేసుకోబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా రఘునాథ్! బొమ్మా బొరుసూ వేద్దాం. బొమ్మ పడితే వేసుకో, బొరుసు పడితే మానెయ్. ఇలా ఇరవై తలనొప్పులకి చేశామనుకో, మాత్ర పనిచేస్తుందో లేదో తేలిపోతుంది."

"ఒరేయ్, నేను అమ్మేదే ఆ మాత్రరా!"

"అయితే ముందు నీకే తెలియాలి."

బొరుసు పడింది. తలకి తువ్వాలు బిగించుకుని, వాడి వంశాన్ని తిట్టుకుంటూ పడుకున్నాను.

మా ఇంటి ఓనరు కామేశ్వరమ్మగారికీ వీడితో ఇదే గోల. శనివారం శనివారం కొబ్బరికాయ కొట్టడం మొదలెట్టాక కుళాయిలో నీళ్లు బాగా వస్తున్నాయని ఆవిడ మురిసిపోతుంటే, వీడు ఊరుకోడుగా. "పిన్నిగారూ, ఓ నాలుగు వారాలు కొట్టకుండా చూద్దామండీ" అన్నాడు. "ఆ నాలుగు వారాలూ నీకు ఇడ్లీలు పెట్టకుండా చూద్దాం నాయనా" అందావిడ. పెళ్లిచూపుల్లో అనుపమ అనే అమ్మాయి "నేను నచ్చానా?" అనడిగితే "ఎవరితో పోలిస్తే?" అన్నాట్ట. కాఫీ అయినా తాగకుండా తిరిగొచ్చాడు పాపం. "మంచి ప్రశ్నేగా రా?" అని మళ్లీ నన్నే అడిగాడు.

ఇక అసలు సంగతి. బన్సీలాల్‌పేట్ గల్లీల్లో ఎనభైమంది ఆడవాళ్లు ఇంటి దగ్గరే కూచుని చొక్కాలకి కాజాలు, గుండీలు కుడతారు. అందరూ నలభై దాటినవాళ్లే, దగ్గరి చూపు మందగించినవాళ్లే. ఒక ట్రస్టు వాళ్లకి ఉచితంగా కళ్లద్దాలు ఇస్తానంది. మావాడు చీట్లు తీశాడు. నలభైమందికి ఇప్పుడే, తక్కిన నలభైమందికి ఏడాది తరవాత. ఈలోగా ఎవరు రోజుకి ఎన్ని చొక్కాలు కుడుతున్నారో రాసుకోవాలి. అద్దాలున్నవాళ్లు ఎక్కువ కుడితే ఊరంతటా ఇస్తారు. తేడా లేకపోతే పథకం బందు, రెండో గుంపుకీ ఉండవు. అదే వాడి థీసిస్.

రోజూ పొద్దున్నే ఆరున్నరకల్లా సంచీ తగిలించుకుని బయల్దేరేవాడు. మధ్యాహ్నానికి చొక్కా నిండా దారప్పోగులు, వేళ్ల నిండా సూది పోట్లు. "ఏంట్రా ఇవి?" అంటే "ఫీల్డ్ వర్క్" అనేవాడు. అర్థశాస్త్రంలో ఇంత రక్తపాతం ఉంటుందని నాకు తెలీదు.

పది నెలలకి లెక్క తేలింది. అద్దాలున్నవాళ్లు రోజుకి పద్నాలుగు చొక్కాలు. లేనివాళ్లూ పద్నాలుగే.

"శుభం! తేడా లేదని రాసిపారెయ్. రెండు నెలల్లో డాక్టరువి" అన్నాను.

వాడు కామేశ్వరమ్మగారి ఇడ్లీ ముట్టుకోలేదు. నాకు భయమేసింది.

"చెప్పి చావరా!"

"రెండో గుంపువాళ్లకి సూదుల్లో దారం నేనే ఎక్కించానురా."

"ఎన్ని?"

"మనిషికి పది చొప్పున... నాలుగొందలు."

"మొత్తం మీద?"

"రోజుకి."

నేను మంచం మీద కూలబడ్డాను. మొదటిరోజు కాంతమణి అనే ఆవిడ "జెర దారం ఎక్కియ్యి బిడ్డా" అందట. ఒక్క సూదితో ఏమవుతుందిలే అనుకున్నాడట. మర్నాడు పక్కింటావిడ. వారానికల్లా గల్లీ మొత్తం. చేతికి పని అలవాటే, సూది బెజ్జమే కనపడదు. అది కాస్తా వీడు చూసిపెడుతుంటే ఇక తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది?

"పోలిక పాడవుతుందని నీకు తెలీదట్రా, పోలికల మారాజా?"

"తెలుసు. రోజూ ఇవాళ్టితో ఆపేద్దామనే వెళ్లేవాణ్ణి."

నోరు మూసుకుంటే పట్టా వస్తుంది, నలభైమందికి అద్దాలు రావు. నోరు విప్పితే పది నెలల పని గోదారి పాలు. నేనైతే, నిజం చెప్పొద్దూ, నోరు మూసుకునేవాణ్ణి.

కార్ఖానా ఏరియాలో ఉన్న ట్రస్టు ఆఫీసుకి వాణ్ణి బండి మీద నేనే దింపాను. వాడి గైడు బ్రహ్మచారిగారు కూర్చున్నారు. ట్రస్టు నడిపే దేవకృప మేడమ్ కాయితాలు తిరగేసి, "లాభం లేదన్నమాట. ఆపేద్దామా?" అన్నారు.

మావాడు లేచి నిలబడ్డాడు.

"మేడమ్, రెండో గుంపుకి కూడా కళ్లద్దాలున్నాయండీ."

"ఎవరిచ్చారు?"

"నేనేనండీ ఆ కళ్లద్దాలు."

సంగతంతా చెప్పాడు. బ్రహ్మచారిగారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. మేడమ్ వాడి వేళ్లకేసి చూశారు, కాయితాలకేసి చూశారు, కాసేపటికి పకపకా నవ్వడం మొదలెట్టారు.

"చదువుకున్న మనిషొకడు రోజూ నాలుగొందల సూదులు ఎక్కిస్తేగాని వాళ్లకి సాగలేదు. అద్దాలు కావాలో వద్దో ఇంకా సర్వే చెయ్యాలా సార్? ఈ వారమే ఇచ్చేద్దాం."

"ఇవ్వండమ్మా" అన్నారు బ్రహ్మచారిగారు నీరసంగా. "ఒరే, నువ్వు మాత్రం మొదట్నించీ ఇంకో థీసిస్ మొదలుపెట్టు. ఈసారి గల్లీల్లోకి నిన్ను పంపితే ఒట్టు!"

ఆ ఆదివారం బన్సీలాల్‌పేట్‌లో అద్దాలు పంచారు. అనసూయమ్మ అనే పెద్దావిడ పెట్టుకోగానే ముందు తన అరచెయ్యి చూసుకుంది, తరవాత మావాడి చొక్కా పట్టి దగ్గరికి లాగింది.

"గీ గుండీ ఎవలు కుట్టిన్రు బిడ్డా? గింత వంకరగున్నది!"

"మీరేనమ్మా. పోయిన నెల ఊడిపోతే కుట్టారుగా."

"అవ్వ! నేను గిట్ల కుట్టిన్నా? ఇన్నొద్దులు జెప్పవేంది? ఇప్పు అంగీ, ఇప్పు!"

నడి గల్లీలో చొక్కా విప్పించింది. గుండీ తెంపి సూది తీసింది. మావాడి చెయ్యి అలవాటుకొద్దీ ముందుకెళ్లింది.

"నీ తక్లీఫ్ వద్దు, చెయ్యి తియ్యి."

దారం కొస నాలుక మీద తడిపి, సూదిని వెలుతురుకెత్తి, ఒక్కసారికే ఎక్కించేసింది. "అగో, జూడున్రి!" అని గల్లీ అంతా వినపడేలా అరిచింది. మా విశ్వతేజ బనీనుతోనే నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.